కాలువ గట్టు మీద పన్నెండు మంచాలు

1952 అక్టోబరు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ఒకటే. ఆ నెల 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్నారు. దానికి తొమ్మిది రోజుల ముందు, 10వ తేదీన, అదే ఊళ్లో కొద్ది మైళ్ల అవతల అడయారులో జవహర్‌లాల్ నెహ్రూ ఒక ఆసుపత్రికి పునాదిరాయి వేసి వెళ్లారు. దీక్ష సంగతి పాఠ్యపుస్తకాలకెక్కింది. పునాదిరాయి సంగతి ఎక్కడా ఎక్కలేదు గానీ, నెల్లూరు, చిత్తూరు వైపు ఊళ్లలో అది వేరే రకంగా మిగిలింది. ఇంట్లో ఎవరికైనా ముక్క పరీక్ష చేసి డాక్టరు మొహం తిప్పుకుంటే, పక్కింటివాళ్లు ముందు అనే మాట: "అడయారు తీసుకెళ్లండి."

ఆ ఆసుపత్రి పూర్తి పేరు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. పేరు పక్కన డబ్ల్యూఐఏ అని మూడు అక్షరాలు కూడా ఉంటాయి. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అని దాని అర్థం. 1917లో అనీబిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస అడయారులోనే పెట్టిన ఆడవాళ్ల సంఘం అది. ఓటు హక్కు, బాల్యవివాహాలు, ఆడపిల్లల చదువు వంటి విషయాల మీద సభలు పెట్టి తీర్మానాలు చేసే సంఘం, దక్షిణాదికి ఒక క్యాన్సర్ ఆసుపత్రిని కట్టి నిలబెట్టింది. ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ముత్తులక్ష్మి రెడ్డి దగ్గర మొదలుపెట్టాలి.

ఆమె 1886లో పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కాలేజీ ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీల కుటుంబం. మగపిల్లల కాలేజీలో ఒక్కతే ఆడపిల్లగా చదివి, 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చారు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి, దాని ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలని అక్కడ ఆమె చేసిన పోరాటం గురించి చాలామంది రాశారు. గాంధీని అరెస్టు చేసినందుకు నిరసనగా 1930లో ఆ పదవి వదిలేశారు.

క్యాన్సర్ మాత్రం రాజకీయం కంటే ముందే ఆమె ఇంట్లోకి వచ్చింది. 1920ల మొదట్లో చెల్లెలికి జబ్బు చేసింది. చూసిన వైద్యులు జిగట విరేచనాలనుకుని మందులిచ్చారు. అసలు జబ్బు పురీషనాళంలో క్యాన్సర్. అది తేలేసరికి చేయడానికేమీ మిగల్లేదు. అక్క డాక్టరు, బావ సుందర రెడ్డీ డాక్టరే. అయినా ఆ పిల్ల దక్కలేదు. డాక్టర్ల ఇంట్లోనే ఇంత ఆలస్యంగా బయటపడిన జబ్బు, వైద్యుడి ముఖమే చూడని ఇళ్లలో ఏం చేస్తూ ఉంటుందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1925లో పైచదువుకు లండన్ వెళ్లినప్పుడు అక్కడి క్యాన్సర్ ఆసుపత్రి చూశారు. క్యాన్సర్‌కని విడిగా ఒక భవనం, దానికోసమే పనిచేసే సిబ్బంది, తొలిదశలో వచ్చిన రోగులు నయమై ఇంటికి వెళ్లడం ఆమె కళ్లారా చూసింది అక్కడే.

1935లో మద్రాసు మెడికల్ కాలేజీ నూరేళ్ల పండుగ జరిగింది. ఆ సభలో ఆమె మద్రాసుకు ఒక క్యాన్సర్ ఆసుపత్రి కావాలని అడిగారు. అప్పటికి బొంబాయిలో టాటా మెమోరియల్ ఇంకా రాలేదు, అది తెరిచింది 1941లో. మద్రాసు పెద్దాసుపత్రిలో బార్నార్డ్ రేడియాలజీ ఇన్‌స్టిట్యూట్ కొత్తగా మొదలైంది గానీ, అక్కడ క్యాన్సర్ రోగి పది రకాల రోగుల్లో ఒకడు. సభ చప్పట్లు కొట్టింది, అక్కడితో సరి. యుద్ధం వచ్చింది. 1943లో భర్త పోయారు. స్వాతంత్ర్యం వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. 1949లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున క్యాన్సర్ రిలీఫ్ ఫండ్ పేరుతో విరాళాల సేకరణ మొదలుపెట్టారు. మొదట అడగడానికీ ఆసుపత్రి తెరుచుకోవడానికీ మధ్య దాదాపు ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. మన దేశంలో ఆసుపత్రులు ఇలాగే పుడతాయి, ఎవరో ఒకరు వదలకుండా అడుగుతూ ఉంటే.

ప్రభుత్వం దగ్గరికి వెళ్తే ఎదురైన ప్రశ్నను, ఈ ఆసుపత్రిలోనే జీవితమంతా గడిపిన డాక్టర్ శాంత తర్వాత ఎన్నో సందర్భాల్లో గుర్తు చేసుకునేవారు. క్యాన్సర్ వస్తే ఎలాగూ పోతారు కదా, దానికి ఆసుపత్రి ఎందుకు అన్నది ఆ ప్రశ్న సారాంశం. అడిగింది ఎవరో దారినపోయే మనిషి కాదు, మంత్రి స్థాయిలో ఉన్నవారు. ఇప్పుడు వింటే కోపం వస్తుంది గానీ, అప్పటి లెక్క ప్రకారం అందులో కొంత నిజం కూడా ఉంది. వచ్చిన రోగులందరూ చివరి దశలో వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు పోయేవాళ్లు. పోతారని తెలిసి మిగతావాళ్లు రావడం మానేసేవాళ్లు. రాకపోయేసరికి జబ్బు ముదిరేది. ఈ గుండ్రపు దారిని ఎక్కడో ఒకచోట తెంపాలి. తెంపాలంటే ముందు ఆసుపత్రి ఉండాలి.

చివరికి అడయారులో స్థలం దొరికింది. గాంధీనగర్ దాపున, బకింగ్‌హాం కాలువ గట్టు పక్కన. ఒకప్పుడు కోస్తా ఆంధ్ర నుంచి సరుకు పడవలు మద్రాసు చేరింది ఈ కాలువ మీదే. 1954 జూన్ 18న ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. చిన్న కట్టడం, 12 మంచాలు. డాక్టర్లు ఇద్దరే. ఒకరు ముత్తులక్ష్మి కొడుకు కృష్ణమూర్తి, విదేశాల్లో క్యాన్సర్ చికిత్స నేర్చుకుని వచ్చిన సర్జను. రెండోవారు శాంత.

శాంత గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1927లో మైలాపూరులో పుట్టారు. సర్ సి.వి.రామన్ ఆమెకు తాత వరస, ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ మేనమామ. ఇద్దరు నోబెల్ గ్రహీతలున్న కుటుంబం. 1949లో ఎంబీబీఎస్ పూర్తి చేసి, ప్రసూతి వైద్యంలో పైచదువు చదివారు. సర్వీస్ కమిషన్ పరీక్ష నెగ్గి, ఎగ్మూరులోని స్త్రీల, పిల్లల ఆసుపత్రిలో ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యారు. ఆ రోజుల్లో ఒక ఆడ డాక్టరుకు ఎగ్మూరులో సర్కారు కొలువంటే జీవితం కుదురుకున్నట్టే. ఆమె దాన్ని వదులుకుని, జనం పేరు ఎత్తడానికే జంకే జబ్బుకు పెట్టిన 12 మంచాల ఆసుపత్రికి వచ్చారు. ఇంట్లోవాళ్లు, తోటి డాక్టర్లు విస్తుపోయారు. మొదట గౌరవ వైద్యురాలిగా జీతం లేకుండా పనిచేశారు. తర్వాత నెలకు 200 రూపాయలు, ఉండడానికి ఆవరణలోనే వసతి. 1955 ఏప్రిల్ 13న పెట్టేబేడా సర్దుకుని అక్కడికి మారారు. 2021 జనవరి 19న 93 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ ఆవరణే ఆమె ఇల్లు.

ఇక రేడియేషన్ యంత్రం సంగతి. అప్పటిదాకా రేడియేషన్ చికిత్సకు వాడింది డీప్ ఎక్స్‌రే యంత్రాలు. వాటితో చిక్కేమిటంటే, కిరణాల బలంలో పెద్దపాలు చర్మం మీదే ఖర్చయిపోయేది. లోపలి గడ్డకు చేరాల్సిన మోతాదు చేరాలంటే పైన చర్మం కమిలి, పొక్కి, ఊడివచ్చేది. మన పల్లెల్లో ఇప్పటికీ రేడియేషన్‌ను "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట వెనక ఉన్న భయానికి మూలం ఆ కాలంలో అలా కమిలిన ఒళ్లే. 1951లో కెనడాలో కోబాల్ట్-60 యంత్రాలు వచ్చాక పరిస్థితి మారింది. అణు రియాక్టర్‌లో తయారుచేసిన కోబాల్ట్ ముక్కను మందపాటి సీసపు తలలో బంధిస్తారు. కిటికీ తెరిస్తే గామా కిరణాలు బయటికొస్తాయి, మూస్తే ఆగిపోతాయి. ఈ కిరణాల బలం చర్మం మీద కాకుండా అర సెంటీమీటరు లోపలికి వెళ్లాక పతాకస్థాయికి చేరుతుంది. చర్మం బతికిపోతుంది. ఇంకో సుగుణం, మన దేశానికి మరీ నచ్చేది: కరెంటు పోయినా కోబాల్ట్ తన పని మానదు. కరెంటు కావాల్సింది కిటికీ తెరవడానికీ, మంచం జరపడానికీ మాత్రమే. లోపం కూడా ఉంది. ఐదేళ్ల మూడు నెలలకు కోబాల్ట్ బలం సగమైపోతుంది. అంటే నెలకు సుమారు ఒక శాతం తగ్గుతూ పోతుంది. నిన్న రెండు నిమిషాలు పెట్టిన చికిత్స, కొన్నేళ్ల తర్వాత నాలుగు నిమిషాలు పెట్టాలి. ఆ లెక్క నెలనెలా సరిచూసే భౌతికశాస్త్రజ్ఞుడు ఆసుపత్రిలో ఉండి తీరాలి. డాక్టర్లు, నర్సులు కాక ఇంకో రకం మనుషులు ఆసుపత్రికి అవసరమయ్యారు.

అలాంటి యంత్రం, ఎల్డొరాడో-ఎ అనే రకం, 1950ల రెండో సగంలో కెనడా కానుకగా అడయారుకు వచ్చింది. ఆసియాలోనే మొదటిదని ఇన్‌స్టిట్యూట్ చెప్పుకుంటుంది. ఊరంతా మాట్లాడుకోవడానికి పనికొచ్చే వస్తువు అది. కానీ ఈ ఆసుపత్రి ఎదిగింది యంత్రాల వల్ల అని రాస్తే సగం కథే రాసినట్టు. యంత్రం వచ్చాక అసలు ఇబ్బంది ఇంకోచోట బయటపడింది.

రేడియేషన్ అంటే ఒక ఇంజెక్షన్ కాదు. వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. రోజూ యంత్రం కింద పడుకునేది కొన్ని నిమిషాలే, మిగతా 23 గంటల పైచిలుకు రోగి ఎక్కడుండాలి? గూడూరు దగ్గరి పల్లె నుంచి నోటి క్యాన్సర్‌తో వచ్చిన కూలీని ఊహించుకోండి. ఒక్కడే రాలేడు, తోడు భార్య రావాలి. ఇద్దరి కూలీ ఆగిపోతుంది. పిల్లల్ని అత్తగారి దగ్గరో, పొరుగింట్లోనో వదలాలి. నగరంలో గది అద్దె, రెండు పూటలా మెతుకులు, రానుపోను రైలు చార్జీలు. నోరు పుండై గట్టి అన్నం దిగదు, గంజి కాచి ఇచ్చే చోటు కావాలి. రెండు వారాలయ్యేసరికి నొప్పి కాస్త తగ్గుతుంది, చేతిలో డబ్బులు పూర్తిగా అయిపోతాయి. "తగ్గింది కదా, పోదాం పద" అనుకుని ఊరికి వెళ్లిపోతారు. సగం చికిత్సతో వెళ్లిన క్యాన్సర్ ఆరు నెలల్లో తిరిగొస్తుంది, అప్పుడిక అది మందులకు లొంగదు. డాక్టరు చేతగానితనం వల్ల పోయిన ప్రాణం కాదు అది. రైలు టికెట్టు, గంజి, గది అద్దె వల్ల పోయిన ప్రాణం.

అడయారు ఎదుగుదలలో నన్ను ఆకట్టుకునేది ఈ విషయాన్ని వాళ్లు తొందరగా పట్టుకోవడం. జనరల్ వార్డు రోగులకు మంచమూ భోజనమూ ఉచితం అన్న పద్ధతిని మొదటి నుంచీ పట్టుకుని వేలాడారు. డబ్బున్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు పెట్టడం, చాలని చోట దాతల్ని అడగడం, అదీ చాలకపోతే సర్కారును అడగడం. ఈ మూడు కాళ్ల మీదే ఆసుపత్రి నడిచింది. డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు లేదు, అందరూ పూర్తికాలం అక్కడే. జీతాలు బయటితో పోలిస్తే తక్కువ. ఆ తక్కువ జీతానికి కూడా నిలిచేవాళ్లు ఎక్కడినుంచో ఒకచోటినుంచి వస్తూనే ఉన్నారు. ఎందుకొచ్చారో, ఎందుకు నిలిచారో లెక్కల్లో చెప్పలేం. శాంత తనకు వచ్చిన అవార్డుల డబ్బంతా ఆసుపత్రికే ఇచ్చేవారు. 2005లో మెగసెసే వచ్చినా, తర్వాత పద్మవిభూషణ్ వచ్చినా ఆమె గది మారలేదు.

దిగుమతి చేసుకునే క్యాన్సర్ మందుల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేయాలని, రోగులకు రైళ్లలో, బస్సుల్లో రాయితీ ఇవ్వాలని ఢిల్లీ చుట్టూ తిరిగి పట్టుబట్టిన వాళ్లలో అడయారువాళ్లూ ఉన్నారు. సర్జను పని ఆపరేషన్ చేయడం. రైల్వే బోర్డుకు ఉత్తరాలు రాయడం సర్జను పనేనా అని అడిగేవాళ్లు అడుగుతారు. ఆ ఉత్తరాల వల్ల చికిత్స పూర్తిచేసుకున్నవాళ్లెందరో లెక్కకట్టిన వాళ్లు లేరు గానీ, ఒక ఆపరేషన్ థియేటర్ ఒక జీవితకాలంలో చేసే పనికి అది తక్కువ కాదని నా నమ్మకం.

1960లో చిన్నపిల్లల క్యాన్సర్లకు విడిగా విభాగం పెట్టారు. పిల్లల రక్తక్యాన్సర్ అప్పట్లో మరణశాసనమే. 1980ల్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థతో కలిసి అడయారు, బొంబాయి టాటా, ఢిల్లీ ఎయిమ్స్ ఒకే చికిత్స పద్ధతిని పాటించడం మొదలుపెట్టాయి. ఎంసీపీ-841 అని దానికి పేరు. మూడుచోట్లా పిల్లలు మునుపటికంటే ఎక్కువమంది బతికారు. అయితే ఇరవై ఏళ్ల లెక్కలు తీసి చూస్తే, ఒకే మందు, ఒకే మోతాదు ఇచ్చినా మూడుచోట్లా ఫలితాలు ఒకేలా లేవు. కీమో ఇచ్చాక ఒంట్లో తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పిల్లవాడికి జ్వరం వస్తే, గంటల్లో ఆసుపత్రికి చేరాలి. చేరలేకపోతే రక్తక్యాన్సర్‌కు కాక మామూలు ఇన్‌ఫెక్షన్‌కు ప్రాణం పోతుంది. మళ్లీ అదే దూరం, అదే చార్జీ, ఆసుపత్రి దగ్గర తలదాచుకునే అదే గది.

నోటి క్యాన్సర్ల మీద కృష్ణమూర్తి, శాంత చేసిన పని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. తమిళనాట ఆకూవక్కా పొగాకు దవడలో పెట్టుకునే అలవాటు. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట కాలే కొసను నోట్లోకి పెట్టుకుని పీల్చడం. అక్కడి ఆడవాళ్లకు అంగిట్లో పుట్టే క్యాన్సర్ దాని పుణ్యమే. దవడ లోపల పెరిగిన పెద్ద గడ్డలకు ఒక్క రేడియేషన్ చాలదు, ఒక్క కత్తీ చాలదు. కీమో మందునూ రేడియేషన్‌నూ కలిపి ఒకేసారి ఇస్తే ఎలా ఉంటుందో వాళ్లు 1960ల్లోనే పరీక్షించి, 1971లో రేడియాలజీ అనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. ఈరోజు తల, మెడ క్యాన్సర్లకు ప్రపంచమంతా రెండూ కలిపే ఇస్తోంది. ఆ దారిలో ముందు నడిచినవాళ్లలో కాలువ గట్టు డాక్టర్లు ఉన్నారని మన వైద్య విద్యార్థుల్లోనే ఎందరికి తెలుసో అనుమానం.

1960ల మొదట్లోనే కాంచీపురం చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి, జబ్బు లక్షణాలు లేని ఆడవాళ్లను పరీక్షించే పని మొదలైంది. గర్భసంచి ముఖద్వారం నుంచి కొన్ని కణాలు గీరి, గాజుపలక మీద పూసి, సూక్ష్మదర్శినితో చూడటం. ఇందులో నొప్పి లేదు, ఖర్చు లేదు. కష్టమల్లా ఆ తల్లిని ఒప్పించడమే. ఏ బాధా లేనప్పుడు డాక్టరు ముందు పడుకోవడమేమిటని ఆమె అడుగుతుంది. అత్త ఊరుకోదు, మొగుడు ఊరుకోడు. బాధ వచ్చేదాకా ఆగితే ఏమవుతుందో ఆసుపత్రి వార్డుల్లో రోజూ చూసేవాళ్లే ఈ పల్లెలకు వెళ్లారు. అందుకే వాళ్ల మాటకు కొంత బరువు ఉండేది.

తర్వాతి పదిహేనేళ్లను వేగంగా దాటేస్తాను. 1975లో కేంద్రం అడయారును ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా గుర్తించింది. 1970ల్లోనే లీనియర్ యాక్సిలరేటర్ వచ్చింది. 1980లో శాంత డైరెక్టరయ్యారు. 1984లో క్యాన్సర్ సర్జరీలో, క్యాన్సర్ మందుల వైద్యంలో సూపర్ స్పెషాలిటీ కోర్సులు దేశంలో మొదటిసారి ఇక్కడ ప్రారంభమయ్యాయి. అప్పటిదాకా మన దేశంలో క్యాన్సర్ డాక్టరంటే వేరే ఏదో చదివి, క్యాన్సర్‌ను పనిలో నేర్చుకున్న మనిషే. దక్షిణాది నగరాల్లో ఈరోజు క్యాన్సర్ వార్డులు నడుపుతున్న చాలామంది పెద్ద డాక్టర్లు అడయారు గాలి పీల్చి వచ్చినవాళ్లు.

ఒకటి మాత్రం దాటేయలేను. 1982 మొదట్లో మద్రాసు మహానగరానికి క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. ఊళ్లో ఏటా ఎంతమందికి ఏ క్యాన్సర్ వస్తోందో రాసిపెట్టే చిట్టా. పడమటి దేశాల్లో ఆసుపత్రులే రిజిస్ట్రీకి సమాచారం పంపుతాయి. ఇక్కడ ఎవరూ పంపరు. అందుకని రిజిస్ట్రీ మనుషులే సంచీ తగిలించుకుని ఆసుపత్రి ఆసుపత్రికీ, ల్యాబు ల్యాబుకీ తిరిగి, పాత కేస్‌షీట్లు తిరగేసి, ఒక్కొక్క పేరూ రాసుకుంటారు. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి మరణ నమోదు పుస్తకాల్లో పేర్లు సరిపోల్చుకుంటారు. ఒకే మనిషి మూడు ఆసుపత్రుల్లో మూడు పేర్లతో కనబడితే, ముగ్గురు కాదు ఒకరే అని తేల్చాలి. ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట తండ్రి పేరు, మరోచోట ముద్దుపేరు. విసుగొచ్చే పని, ఫొటోలు పడని పని. ఈ చిట్టా లేకపోతే ఒక ముఖ్యమైన విషయం మనకు తెలిసేదే కాదు. 1980ల్లో చెన్నై ఆడవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఆ స్థానంలోకి రొమ్ము క్యాన్సర్ ఎక్కింది. పిల్లలు తగ్గడం, పెళ్లీ కాన్పూ ఆలస్యం కావడం, నీళ్లూ శుభ్రమూ మెరుగవడం, ఇలా కారణాలు చాలానే చెబుతారు. ఏది ఎంతనేది వాదించుకోవచ్చు, తగ్గిందన్న మాట మాత్రం వాదనలో లేదు.

కృష్ణమూర్తి 2010లో పోయారు. ముత్తులక్ష్మి అంతకు చాలాముందే, 1968లో. పన్నెండు మంచాలు 500 దాటాయి. ఆవరణ ఒకటి చాలక సర్దార్ పటేల్ రోడ్డు మీద రెండోది వచ్చింది.

అడయారు నేర్చుకున్న పాఠం చెన్నైలోనే ఆగిపోలేదు. అక్కడ క్యాన్సర్ సర్జరీ విభాగం అధిపతిగా ఉన్న రవి కన్నన్ 2007లో చెన్నై వదిలి, భార్యనూ చిన్న కూతుర్నీ తీసుకుని అస్సాంలోని సిల్చర్ వెళ్లిపోయారు. బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర బరాక్ లోయలో ఉన్న ఊరది. అక్కడ కచార్ క్యాన్సర్ ఆసుపత్రి 1996 నుంచి ఉంది. అదీ స్థానికులు సొసైటీ పెట్టుకుని చందాలతో కట్టుకున్నదే. ఆయన వెళ్లేసరికి సిబ్బంది 23 మంది. చికిత్స పూర్తి చేసుకునే రోగులు నూటికి 28 మంది. మిగతా 72 మంది మధ్యలోనే మాయమయ్యేవాళ్లు. ఎందుకని ఆరాతీస్తే, గూడూరు కూలీకి చెప్పుకున్న కారణాలే బరాక్ లోయ తేయాకు కూలీకీ ఉన్నాయి.

అక్కడ కన్నన్ బృందం ఎత్తుకున్న మార్గం చాలా తెలివైనది. రోగితో వచ్చిన తోడుమనిషికి ఆసుపత్రిలోనే ఏదో పని ఇచ్చి కూలీ కట్టివ్వడం. తోటపని కావచ్చు, ఊడ్చడం కావచ్చు, సామాను మోయడం కావచ్చు. ఆగిపోయిన సంపాదన మళ్లీ మొదలయ్యేసరికి "పోదాం పద" అనే మాట వెనక్కి తగ్గింది. ఇద్దరికీ భోజనం, పడుకునే చోటు. చివరిదశ రోగుల ఇళ్లకు నర్సులు వెళ్లి, నొప్పి మందు ఎలా వేయాలో, పుండు ఎలా కడగాలో ఇంట్లోవాళ్లకు నేర్పడం. రాని రోగికి ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడగడం. నూటికి 28 కాస్తా 70కి చేరింది. సిబ్బంది 450 దాటారు. ఏటా కొత్తగా 5,000 మంది దాకా రోగులు వస్తున్నారు. 2020లో ఆయనకు పద్మశ్రీ, 2023లో మెగసెసే. శాంతకు మెగసెసే వచ్చిన పద్దెనిమిదేళ్లకు.

ఇక మన వైపు. హైదరాబాదులో 1955లో, అంటే అడయారు తెరిచిన మరుసటి ఏడే, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. 1985లో ఎన్టీ రామారావు భార్య బసవతారకం క్యాన్సర్‌తో మరణించాక ఆమె పేరుతో కట్టదలచిన ఆసుపత్రిని 2000 జూన్‌లో వాజపేయి ప్రారంభించారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్‌కో, కీమోకో ఆస్తులు అమ్ముకోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి విశాఖలో నడుస్తోంది. ఇవన్నీ ఉన్నా చికిత్స మధ్యలో ఆపేసి ఇంటికి వెళ్లేవాళ్లు మనకూ ఉన్నారు. పథకం ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది. ఆసుపత్రి బయట ఆరు వారాల గది అద్దెకూ, తోడొచ్చిన మనిషి కోల్పోయిన కూలీకీ పూర్తిగా కట్టే పథకం ఇంకా రాలేదు. అది రావాలని అడగాల్సింది మనమే.

అది వచ్చేలోపు ఉన్నదాన్నైనా వాడుకోవాలి. అడయారువాళ్లు పట్టుబట్టి సాధించిన రైలు రాయితీ ఇప్పటికీ అమల్లో ఉంది, చాలామంది రోగులకు ఆ సంగతే తెలియదు. చికిత్సకో, మళ్లీ చూపించుకోవడానికో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మూల చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. చికిత్స చేసే ఆసుపత్రి నుంచి రైల్వే నిర్ణయించిన ఫారంలో డాక్టరు సంతకం, స్టాంపు వేయించుకుని, దాన్ని రిజర్వేషన్ కౌంటర్లో ఇస్తే చాలు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా కరెంటు పెట్టించుకోవడానికి ఊళ్లు తిరుగుతుంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ ఫారం అడిగి తీసుకోమని చెప్పండి.